మేనమామ కూతురితో పెళ్లి, ఇంట్లో కిడ్నీ జబ్బు, స్కిజోఫ్రీనియా: పిల్లలకి వస్తాయా?

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్న చెప్తాను. అడిగినాయనది కవిటి దగ్గర పల్లె, ఉద్యోగం విశాఖలో, వయసు 29. నాన్నగారికి కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నారు. అమ్మ తమ్ముడికి, అంటే సొంత మేనమామకి, పెళ్లైన కొత్తల్లోనే స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు అని తేలింది, ఇప్పటికీ మందులు వాడుతున్నారు. ఇప్పుడు ఇంట్లో ఆ మావయ్య కూతుర్నే చేసుకోమంటున్నారు, తనకీ ఆ అమ్మాయంటే ఇష్టమే. ఈ జబ్బులు మాకు గానీ పుట్టబోయే పిల్లలకి గానీ వస్తాయా, ఆన్‌లైన్‌లో ఒక కంపెనీ వేలకి వేలు తీసుకుని "మీ జీన్ల జాతకం" ఇస్తామంటోంది, చేయించుకోమంటారా అని అడిగారు.

నేను శ్రీకాకుళంలో పిల్లల డాక్టర్ని. అంతకు ముందు సీతంపేట ఏజెన్సీలో పనిచేశాను (ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది), సికిల్‌సెల్, తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బులు ఉన్న కుటుంబాలతో నా రోజులు ఎక్కువ గడుస్తాయి. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ముందు సూటిగా జవాబు. మావయ్య జబ్బు గురించీ నాన్నగారి కిడ్నీల గురించీ భయపడి ఈ సంబంధం వదులుకోమని నేను చెప్పను. మేనరికం గురించి మాత్రం ఆలోచించమంటాను, పెళ్లికి ముందు మీరిద్దరూ హెచ్‌పీఎల్‌సీ అనే, రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలు చూసే పరీక్ష చేయించుకుని తీరాలంటాను. ఆ కంపెనీ టెస్టు వద్దు. మీరు అన్నిటికన్నా ఎక్కువ భయపడుతున్న మానసిక జబ్బు మీ పిల్లలకి వచ్చే అవకాశం సుమారు 5 శాతం, రెండు వైపులా అదే కుటుంబం కాబట్టి ఇంకాస్త ఎక్కువ అనుకోండి. అంటే దాదాపు తొంభై ఐదు పాళ్లు రాదనే.

ఇక ఎందుకో చెప్తాను.

మనవాళ్లు "రక్తంలో ఉంది", "వంశంలో ఉంది" అని అన్నిటికీ ఒకే మాట వాడతారు గానీ అందులో రెండు రకాల సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, ఒకే ఒక్క జీన్ చెడిపోవడం వల్ల వచ్చే జబ్బులు: సికిల్‌సెల్, తలసీమియా, పుట్టు చెవుడులో కొన్ని రకాలు. రెండోది షుగరు, బీపీ, గుండెజబ్బు, స్కిజోఫ్రీనియా, డిప్రెషన్, తాగుడుకి బానిసవడం లాంటివి. వీటిలో వందల జీన్లు తలా కొంచెం పాత్ర పోషిస్తాయి, వాటి మీద తిండి, నీళ్లు, పని, పెంపకం, మనిషి మీద పడ్డ దెబ్బలు పనిచేస్తాయి. మేనరికం వల్ల అసలు ప్రమాదం మొదటి రకంలో ఉంటుంది. మీ ఇంట్లో అందరూ భయపడుతున్నది రెండో రకానికి. అందుకే మీ ప్రశ్నలో లేని పరీక్ష గురించి నేను ముందు మాట్లాడాల్సొచ్చింది.

మొదటి రకం. ప్రతి జీన్‌కీ మనలో రెండు కాపీలుంటాయి, అమ్మది ఒకటి, నాన్నది ఒకటి. ఒకటి చెడినా రెండోది పని నడిపించేస్తుంది కాబట్టి మనిషికి ఏమీ తెలీదు. అలా చెడిన కాపీలు కొన్ని నాలోనూ ఉంటాయి, మీలోనూ ఉంటాయి. బయటివాళ్లిద్దరు పెళ్లి చేసుకుంటే ఇద్దరిలోనూ ఒకే జీన్ చెడి ఉండటం అరుదు. మీ సంగతి అలా కాదు, మీ అమ్మగారి తండ్రే ఆ అమ్మాయికీ తాతగారు. ఆయనలో ఒక చెడిన కాపీ ఉంటే అది మీ అమ్మ ద్వారా మీకూ, మావయ్య ద్వారా ఆ అమ్మాయికీ వచ్చి ఉండొచ్చు. మేనమామ, మేనత్త పిల్లల మధ్య ఎనిమిదో వంతు జీన్లు ఉమ్మడిగా ఉంటాయి. అక్క కూతుర్ని చేసుకుంటే అది నాలుగో వంతు. మామూలు జంటలకి పుట్టే పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఏదో ఒక పెద్ద పుట్టుక లోపం ఉంటుంది, మీలాంటి జంటల్లో అది నలుగురి నుంచి ఆరుగురి దాకా అవుతుంది. తరతరాలుగా మేనరికాలే చేసుకుంటూ వచ్చిన ఇళ్లలో ఇంకా పెరుగుతుంది, కాబట్టి మీ అమ్మానాన్నలది కూడా మేనరికమేనా, మీ తాతా అమ్మమ్మలది కూడానా అని ఇంట్లో అడిగి తెలుసుకోండి.

ఈ మాట చెప్తే నాకు ఎప్పుడూ వచ్చే జవాబు ఒకటే. "మా రెండు వైపులా ఎవలికీ నేదండి డాక్టరు గారూ." నిజమే, ఉండదు. క్యారియర్లు, అంటే ఒక చెడిన కాపీ మోస్తున్నవాళ్లు, నిక్షేపంగా ఉంటారు, పొలం పని చేస్తారు, పిల్లల్ని కంటారు, ముసలివాళ్లై పోతారు. ఇద్దరు క్యారియర్లు కలిసినప్పుడే అది బయటపడుతుంది, అప్పుడు ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు. "మొదటివాడికి వచ్చేసింది కదా, ఇంక తర్వాత ముగ్గురికీ రాదు" అని లెక్క వేసుకుని వచ్చిన వాళ్లున్నారు. అలా కాదండీ. ప్రతి కాన్పూ మళ్లీ మొదటి నుంచే.

మేనరికం కాదు, బయట సంబంధమే అని ధీమాగా ఉండేవాళ్లకీ ఒక మాట. ఒకే కులంలో, చిన్న గుంపులో వందల ఏళ్లు పెళ్లిళ్లు జరిగితే ఆ గుంపు మొత్తానికీ పూర్వీకులు కొద్దిమందే అవుతారు. వైశ్యుల్లో కొందరికి సక్సినైల్‌కోలిన్ అనే మత్తు సమయంలో వాడే మందు ఇస్తే నిమిషాల్లో తిరిగి రావాల్సిన ఊపిరి గంటల తరబడి రాదు, ఆ మందుని విరగ్గొట్టే ఎంజైము వాళ్లలో లేకపోవడం వల్ల. మన మత్తు డాక్టర్లకి ఇది ఎప్పట్నుంచో తెలుసు, ఆపరేషన్ ముందు అడుగుతారు కూడా. హైదరాబాద్ సీసీఎంబీ (కణాల, జీన్ల పరిశోధన సంస్థ) శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందాలు కలిసి 2017లో ప్రచురించిన పరిశోధన ఇలాంటి పరిస్థితి దక్షిణాసియాలో చాలా కులాల్లో, తెగల్లో ఉందని చూపించింది. ఇది ఏ ఒక్క కులానికో సంబంధించిన తప్పు కాదు, మనందరి పెళ్లిళ్ల పద్ధతి.

ఇప్పుడు ఈ జవాబులో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ఒకే జీన్ జబ్బుల్లో కూడా ఆ ఒక్క జీనే అంతా తేల్చదు. పక్కన వేరే జీన్లు ఏం చేస్తున్నాయో దాన్ని బట్టి అదే జబ్బు ఒకరిని మంచాన పడేస్తుంది, ఇంకొకరిని వదిలేస్తుంది.

సీతంపేట వైపు ఒక సవర గిరిజన కుటుంబంలో అక్కాతమ్ముళ్లని చాలా ఏళ్లు చూశాను. అక్కకి చలికాలం వస్తే చాలు కాళ్లూ నడుమూ నొప్పులు, ఆ నొప్పి ఎలాంటిదంటే మంచం పట్టీ పట్టుకుని అరిచేది, రక్తం ఎక్కించాల్సి వచ్చేది, బడి సగం రోజులు పోయేది. తమ్ముడికి మాత్రం ఏమీ లేదు, తండ్రితో పాటు జీడితోటల్లో తిరిగేవాడు, ఊళ్లో అందరికీ స్క్రీనింగ్ చేసినప్పుడు వాడికీ చేస్తే వాడిదీ సికిల్‌సెల్ జబ్బే అని వచ్చింది, అక్కలాగే రెండు కాపీలూ చెడ్డవే. తల్లి నమ్మలేదు, రిపోర్టు మారిపోయిందంది. మళ్లీ చేయించాం, అదే వచ్చింది. తేడా ఎక్కడుందంటే రిపోర్టులో హెచ్‌బీఎఫ్ అనే గడిలో. అక్కకి పది శాతం లోపు ఉంది, తమ్ముడికి ఇరవై దాటింది.

హెచ్‌బీఎఫ్ అంటే కడుపులో బిడ్డకి ఉండే హిమోగ్లోబిన్. పుట్టాక కొన్ని నెలల్లో అది ఆగిపోయి పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ మొదలవుతుంది. సికిల్‌సెల్‌లో చెడేది ఈ పెద్దవాళ్ల హిమోగ్లోబిన్, 11వ క్రోమోజోమ్ మీదున్న బీటా గ్లోబిన్ జీన్‌లో ఒకే ఒక్క అక్షరం మారడం వల్ల. బిడ్డ హిమోగ్లోబిన్‌ని ఆపేసేది మాత్రం వేరే జీన్, బీసీఎల్11ఏ అని, అది 2వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కొందరిలో ఈ రెండో జీన్ తయారీలోనే కాస్త మెతక, ఆపాల్సినంత గట్టిగా ఆపదు, అందుకని హెచ్‌బీఎఫ్ జీవితాంతం మిగిలి ఎర్రకణాలు కొడవళ్లలా వంగిపోకుండా కాపాడుతూ ఉంటుంది. హెచ్‌బీఎఫ్‌ని పెంచే జీన్ మార్పులు ఇంకా ఉన్నాయి, పక్కన ఆల్ఫా తలసీమియా కలిస్తే ఎర్రకణాలు పగిలిపోవడం తగ్గుతుంది. అక్కకీ తమ్ముడికీ తల్లిదండ్రులు ఒకరే అయినా ఈ పక్క జీన్ల పంపకం వేరుగా జరుగుతుంది, అందుకే ఒకే ఇంట్లో రెండు రకాల బతుకులు.

ఈ సంగతి కాగితం మీద సైన్సు మాత్రమే కాదు. ఆ అక్కకి హైడ్రాక్సీయూరియా మొదలుపెట్టింది దీని ఆధారంగానే, ఆ మందు చేసే ముఖ్యమైన పని హెచ్‌బీఎఫ్‌ని పెంచడం. 2023 చివర్లో బ్రిటన్‌లో, తర్వాత అమెరికాలో అనుమతి వచ్చిన క్యాస్‌జెవీ అనే జీన్ చికిత్స కూడా సికిల్ జీన్ జోలికి వెళ్లదు, మూలకణాల్లో బీసీఎల్11ఏ స్విచ్‌ని కత్తిరిస్తుంది. అప్పట్లో అమెరికాలో ప్రకటించిన దాని ధర 22 లక్షల డాలర్లు, మన ఏజెన్సీ పిల్లలకి ఎప్పుడు అందుతుందో తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఒక జీన్ ఇంకో జీన్‌ని పూర్తిగా కప్పేయడం కూడా ఉంటుంది. బాంబే బ్లడ్ గ్రూప్ సంగతి వినే ఉంటారు, 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం కనిపెట్టింది. ఏ, బీ అనే పదార్థాలు ఎర్రకణం మీద నిలబడాలంటే ముందు హెచ్ అనే పదార్థం ఉండాలి, గోడకి మేకు లేకపోతే చొక్కా ఎక్కడ తగిలిస్తాం. హెచ్ తయారుచేసే జీన్ రెండు కాపీలూ చెడితే మనిషికి 'ఏ' జీన్ ఉన్నా, 'బీ' జీన్ ఉన్నా మామూలు పరీక్షలో ఓ గ్రూపులా కనపడుతుంది. తండ్రిది ఏబీ, బిడ్డది ఓ అని వస్తే ఇంట్లో ఎలాంటి మాటలు వస్తాయో చెప్పక్కర్లేదు. దయచేసి బ్లడ్ గ్రూపు చూసి ఆడపిల్లని అనుమానించకండి, ముందు బ్లడ్ బ్యాంకులో పూర్తి పరీక్ష చేయించండి. ఇంకో ముఖ్యమైన సంగతి, వీళ్లకి మామూలు ఓ గ్రూపు రక్తం కూడా ఎక్కించకూడదు.

చెవుడు సంగతి కూడా ఇలాంటిదే. ఇద్దరూ పుట్టు చెవిటివాళ్లే, పెళ్లి చేసుకుంటే పిల్లలంతా చెవిటివాళ్లే పుడతారని అందరూ అనుకుంటారు. ఆయనది ఒక జీన్ వల్ల, ఆవిడది ఇంకో జీన్ వల్ల అయితే పిల్లలకి ప్రతి జీన్‌లోనూ ఒక మంచి కాపీ అందుతుంది, చక్కగా వింటారు. ఇద్దరిదీ జీజేబీ2 అనే ఒకే జీన్ అయితే మాత్రం పిల్లలందరికీ వస్తుంది. మేనరికంలో ఇద్దరిదీ ఒకే జీన్ అయ్యే అవకాశం ఎక్కువ.

జీన్ ఉండీ, బయట నుంచి ఏదో తగిలేదాకా కిక్కురుమనకుండా పడి ఉండటం ఇంకో రకం. ఎర్రకణాల్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపం అలాంటిది. నాలుగో రోజు బిడ్డ ఒళ్లంతా పసుపు పులిమినట్టు అయిపోయి తీసుకొస్తారు. మన దగ్గర పురిటి బిడ్డకి పాత మెత్తటి బట్టలే తొడుగుతారు కదా, అవి అమ్మమ్మ ట్రంకు పెట్టెలో ఏళ్లుగా కలరా ఉండల మధ్య దాచినవి. బిడ్డని చేతుల్లోకి తీసుకోగానే ఆ వాసన నా ముక్కుకి తగులుతుంది, వెంటనే జీ6పీడీ పరీక్ష రాస్తాను. కలరా ఉండల్లోని నాఫ్తలీన్ ఈ లోపం ఉన్న బిడ్డల్లో ఎర్రకణాలని పగలగొట్టేస్తుంది. లోపం లేని బిడ్డకి అవే బట్టలు తొడిగితే సాధారణంగా ఇలా కాదు. లోపం ఉన్నా ఆ బట్టలు తొడగకపోతే చాలామందికి జీవితాంతం తెలియను కూడా తెలీదు. మలేరియాకి ఇచ్చే ప్రైమాక్విన్ మాత్ర కూడా వీళ్లకి ఇలాగే చేస్తుంది, ఏజెన్సీలో ఇది మరీ ముఖ్యం. మరి ఆ బిడ్డ కామెర్లకి కారణం జీనా, బట్టలా? రెండూ కలిస్తేనే. నేను తల్లికి చెప్పేది మాత్రం బట్టల గురించే, ఎందుకంటే మార్చుకోగలిగింది అదొక్కటే.

ఇప్పుడు మీ నాన్నగారి కిడ్నీలు.

ఉద్దానంలో, అంటే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు, ఊరూరా కనిపించే ఈ కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఒక్కటి ఇంకా తేలలేదు. నీళ్లలోని ఖనిజాలు, ఎండలో నీళ్లు తాగకుండా గంటల తరబడి పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వీటన్నిటి మీదా పరిశోధన నడిచింది, జీన్ల మీద కూడా. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రావడం చూసి మనవాళ్లు వంశపారంపర్యం అని తేల్చేస్తారు. కానీ ఒక ఇంటివాళ్లు జీన్లతో పాటు బావినీళ్లనీ, కొబ్బరితోట పనినీ, మెడికల్ షాపులో తెచ్చుకునే ఒళ్లునొప్పుల మాత్రనీ కూడా పంచుకుంటారు. కోడళ్లకి కూడా వస్తున్న ఇళ్లున్నాయి, వాళ్లు ఆ వంశంలో పుట్టినవాళ్లు కాదు కదా.

జీన్ పాత్ర అసలు లేదని కాదు. ఆఫ్రికా సంతతి వాళ్లలో ఏపీవోఎల్1 అనే జీన్‌లో కొన్ని మార్పులు కిడ్నీ జబ్బుని బాగా పెంచుతాయని 2010లో తేలింది. అయినా రెండు కాపీలూ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి కిడ్నీలు చెడవు, పైనుంచి ఇంకో దెబ్బ తగలాలి. మన వాళ్లలో ఆ మార్పులు దాదాపు ఉండవు, అది మీ నాన్నగారికి వర్తించదు. పద్ధతి అర్థమవుతుందని చెప్పానంతే.

మీరు చేయాల్సింది నాన్నగారి పాత అల్ట్రాసౌండ్ రిపోర్టు వెతకడం. అందులో కిడ్నీలు చిన్నవైపోయి ఉన్నాయని రాసి ఉంటే, షుగరు కూడా లేకపోతే, మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పోకుండానే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం) పెరిగి ఉంటే అది ఉద్దానం తరహాది. అలా కాకుండా కిడ్నీలు పెద్దగా, నిండా నీటి బుడగలతో ఉన్నాయని ఉంటే అది పాలిసిస్టిక్ కిడ్నీ, వేరే జబ్బు. దానికి ఒక చెడిన కాపీ చాలు, మీకు వచ్చే అవకాశం సగానికి సగం, మీరూ ఒక స్కాన్ తీయించుకోవాలి. ఉద్దానం మనిషి కదా అని అందరికీ ఒకే చీటీ అంటించేసి ఈ రెండో రకాన్ని చూడకుండా వదిలేయడం నేను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. ఏదైనా సరే మీరు ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించుకోండి, నొప్పి మాత్రలు డాక్టరు చెప్పకుండా మింగకండి.

మావయ్యగారి జబ్బు.

స్కిజోఫ్రీనియా లోకంలో నూటికి ఒకరికి లోపే వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకి పది శాతం చుట్టుపక్కల. మేనల్లుడికి, అంటే మీకు, మూడు నాలుగు శాతం. మనవలకి, అంటే మీకు పుట్టబోయే పిల్లలకి, ఐదు. కాబట్టి జీన్ల పాత్ర ఖచ్చితంగా ఉంది, కాదనడానికి లేదు. కానీ ఇంకో అంకె చూడండి. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో జీన్లన్నీ ఒకటే, ఒకరికి ఈ జబ్బు వస్తే రెండోవాళ్లకి వచ్చేది సగం మందికి, ఇంకా తక్కువకే. జీనే తలరాత అయితే నూటికి నూరు రావాలి కదా. 2022లో వచ్చిన పెద్ద పరిశోధనలో ఈ జబ్బుతో ముడిపడ్డ చోట్లు మన జీన్లలో 287 దొరికాయి, ఒక్కోదాని ప్రభావం ఎంత చిన్నదంటే విడిగా చూస్తే పట్టించుకోనక్కర్లేనంత. ఇన్ని చిన్న చిన్నవి ఒక మనిషిలో ఒక పక్కకి మొగ్గి, పైనుంచి పుట్టినప్పుడు ఊపిరందకపోవడమో, చిన్నతనంలో ఘోరమైన కష్టమో, వయసులో గంజాయో తోడైతే జబ్బు బయటపడుతుంది. వీటిలో మన చేతిలో ఉన్నది గంజాయి. ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్లు గంజాయి జోలికి ఒక్కసారి కూడా వెళ్లకూడదు, సరదాకి కూడా వద్దు. మన్యం పక్కనే ఉండి ఈ మాట చెప్పకపోతే నేను డాక్టర్ని కాదు.

మీకు 29 వచ్చాయి, మగవాళ్లలో ఇది ఎక్కువగా పద్దెనిమిది, ఇరవై ఐదు మధ్యలో మొదలవుతుంది, మీ గండం చాలావరకు గడిచినట్టే. ఆడవాళ్లలో కాస్త ఆలస్యంగా రావచ్చు. ఆ అమ్మాయికి ఎప్పుడైనా వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, మనుషుల్ని తప్పించుకోవడం, లేనిపోని అనుమానాలు మొదలైతే దిష్టి తీయించడం, తాయెత్తు కట్టించడం అంటూ నెలలు పోగొట్టకుండా వెంటనే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి, తొందరగా మందు పడితే బతుకు నిలబడుతుంది. మీ మావయ్యే ఉదాహరణ, ఇన్నేళ్లు మందులు వాడుతూ కూతుర్ని పెంచి పెద్ద చేశారు.

స్వభావం సంగతి కూడా మీ ప్రశ్న కింద ఒకరు అడిగారు, కోపం, తాగుడు వంశంలో వస్తాయా అని. 1993లో నెదర్లాండ్స్‌లో ఒకే కుటుంబంలో కొందరు మగవాళ్లు మాటిమాటికీ హింసకి దిగడానికి ఎంఏవోఏ అనే జీన్ పూర్తిగా పనిచేయకపోవడం కారణమని తేలింది, అది అత్యంత అరుదైన సంగతి. తర్వాత పత్రికలు మామూలు జనంలో ఉండే చిన్న తేడాలకి కూడా "యోధుల జీన్" అని పేరు పెట్టేశాయి. డిప్రెషన్‌కి ఫలానా జీన్ అని ఇరవై ఏళ్లు ప్రచారమైన పద్దెనిమిది జీన్లని 2019లో లక్షల మందిలో పరీక్షిస్తే, కళ్లు మూసుకుని ఏరిన జీన్ల కన్నా అవి ఏమీ గొప్పగా చెప్పలేకపోయాయి. ఎవరైనా "కోపం జీన్" చూసి చెప్తాం అంటే నమ్మకండి.

తాగుడు విషయంలో కవలల మీద చేసిన పరిశోధనలు సుమారు సగం వాటా జీన్లకి ఇస్తాయి. తూర్పు ఆసియాలో ఏఎల్‌డీహెచ్2 అనే జీన్ మార్పు ఉన్నవాళ్లకి కొంచెం తాగినా మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతి వచ్చేస్తుంది, అందుకని వాళ్లు తాగుడుకి బానిసలు కావడం తక్కువ. ఒక్క జీన్ మనిషి అలవాటుని ఇంత గట్టిగా శాసించడం చాలా అరుదు. మరి అదైనా నిలబడిందా? జపాన్‌లో తాగుడు చికిత్సకి వచ్చేవాళ్లలో ఈ రక్షణ జీన్ ఒక కాపీ ఉన్నవాళ్లు 1979లో 2.5 శాతం, 1992కి 13 శాతం. పదమూడేళ్లలో జీన్లు మారవు. ఆఫీసు అయ్యాక అందరితో కలిసి తాగాల్సిందే అనే పద్ధతి పెరిగి ఆ రక్షణని దాటేసింది. తండ్రి తాగుబోతు కాబట్టి కొడుకూ అంతే అనేవాళ్లకి నేను ఈ అంకెలే చెప్తాను.

కంపెనీ టెస్టు ఎందుకు వద్దన్నానంటే, షుగరు, గుండె, మనసు లాంటి వాటికి వాళ్లిచ్చే రిస్కు స్కోర్లు చాలావరకు యూరప్ సంతతి జనం మీద తయారైనవి, మనకి సరిగ్గా అతకవు. మన దేశంలో జీనోమ్‌ఇండియా ప్రాజెక్టు పదివేల మంది జీనోమ్‌ల సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకి అందుబాటులోకి తెచ్చింది, ఇప్పుడిప్పుడే పునాది పడుతోంది. ఇంకో భయం కూడా ఉంది. దక్షిణాసియా వాళ్లలో సుమారు నూటికి నలుగురిలో గుండె కండరానికి సంబంధించిన ఒక జీన్‌లో 25 అక్షరాలు తగ్గి ఉంటాయని 2009లో తేలింది. అది గుండె జబ్బు అవకాశాన్ని పెంచే మాట నిజమే, కానీ ఉన్నవాళ్లలో చాలామంది నడివయసు దాకా మామూలుగానే ఉంటారు. ఇలాంటిది పక్కన చెప్పేవాళ్లు లేకుండా రిపోర్టులో ఎర్ర అక్షరాల్లో కనపడితే ఆ టెన్షన్ ఎవరు తీరుస్తారు?

జీన్ టెస్టు అక్కరకొచ్చే సందర్భాలు వేరే ఉన్నాయి: ఇంట్లో జబ్బు ఉన్న బిడ్డో పెద్దవాళ్లో ఉండి, ముందు వాళ్లని పరీక్షించి, దొరికిన ఆ ఒక్క మార్పు కోసం మిగతావాళ్లని చూసేటప్పుడు. అలాంటి అవసరం పడితే హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, డీఎన్ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ ఉంది.

హెచ్‌పీఎల్‌సీ కొన్ని వందల రూపాయల పని, పరగడుపున ఉండక్కర్లేదు. సికిల్ క్యారియర్ అయితే హెచ్‌బీఎస్ అనే సికిల్ హిమోగ్లోబిన్ 30, 40 శాతం మధ్య కనిపిస్తుంది. బీటా తలసీమియా క్యారియర్ అయితే హెచ్‌బీఏ2 అనే ఇంకో రకం హిమోగ్లోబిన్ 3.5 శాతం దాటుతుంది. ఒంట్లో ఐరన్ బాగా తక్కువగా ఉంటే ఈ ఏ2 దొంగతనంగా తగ్గి మామూలుగా కనపడొచ్చు, కాబట్టి రక్తహీనత ఉంటే ముందు దాన్ని సరిచేసి మళ్లీ చేయించండి. ఒక్కరే క్యారియర్ అయితే ఈ జబ్బుల భయం లేదు. ఇద్దరూ అయితే పెళ్లి మానుకోవాలనే రూలేమీ లేదు, కానీ గర్భం వచ్చిన 11 నుంచి 13 వారాల మధ్య మాయ ముక్క తీసి చేసే పరీక్ష ఉంటుందని, అది ముందే ఏర్పాటు చేసుకోవాలని మీకు తెలిసి ఉండాలి. ఐదో నెలలో పరిగెత్తుకొస్తే మాకు సమయం చాలా తక్కువ మిగులుతుంది. పెళ్లయ్యాక పిల్లలు కావాలనుకున్నప్పుడు ఆ అమ్మాయికి ఫోలిక్ యాసిడ్ ముందు నుంచే మొదలుపెట్టండి, బిడ్డ పుట్టగానే వినికిడి పరీక్ష అడగండి.

ఈ పరీక్షకి ఆ అమ్మాయిని పిలిచేది పెద్దవాళ్లు కాకుండా మీరే అయితే మంచిది. పెద్దవాళ్లు పిలిస్తే "వాళ్ల నాన్నకి అలా ఉంది కాబట్టి పిల్లని పరీక్ష చేయిస్తున్నారు" అనే మాట ఊళ్లో పుడుతుంది, ఆ మచ్చ ఆ పిల్లకి ఊరికే పడుతుంది. ఇద్దరూ ఒకే రోజు, ఒకే ల్యాబ్‌లో ఇవ్వండి. రిపోర్టులు వచ్చాక పేర్లు కొట్టేసి హెచ్‌బీఏ2, హెచ్‌బీఎఫ్, హెచ్‌బీఎస్ అంకెలు, మీ నాన్నగారి స్కాన్‌లో రెండు కిడ్నీల సైజులు కింద రాయండి, చూసి చెప్తాను.